అరగంట గీత

నేను ఒక కైమోగ్రాఫును. పేరు విని బెదిరిపోకండి. వైద్య కళాశాలలో, మందుల గురించి చెప్పే ఫార్మకాలజీ ల్యాబులో నలభై ఏళ్లు చాకిరీ చేసినా, నన్ను ఆ పేరుతో పిలిచింది ఇన్‌స్పెక్షనుకు వచ్చిన పెద్దమనుషులు మాత్రమే. మిగతా అందరికీ నేను డ్రమ్మును. ఒక ఇనప పీట, లోపల మోటారు, పైన నిలువుగా నిలబడి మెల్లగా తిరిగే ఒక డబ్బా. ఆ డబ్బాకి నున్నటి కాగితం చుట్టి పొగ పట్టిస్తారు. పక్కన కప్ప గుండెను అమర్చి, దారంతో ఒక సన్నటి పుల్లకు కడతారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా పుల్ల ఆడుతుంది, దాని మొన నా మసి మీద తెల్లగా గీత గీస్తుంది. నా చదువూ సంధ్యా ఇంతే.

ఆత్మకథలు చెప్పుకునే మనుషుల్ని గమనించాను. తప్పులు కూడా ఒకటో రెండో ఒప్పుకుంటారు గానీ, ఆ ఒప్పుకోవడంలోనే కాస్త గొప్ప కనిపించేలా చూసుకుంటారు. నాకు ఆ నేర్పు లేదు. నన్ను నమ్మిన ఒక మనిషికి నా వల్ల చెరుపు జరిగింది. అందుకు సిగ్గుపడుతున్నాను. ఆ సంగతి చెప్పడానికే నోరు విప్పాను.

నేను పుట్టింది అంబాలాలో, ఒక చిన్న కార్ఖానాలో. ఎండుగడ్డి కూరిన చెక్కపెట్టెలో రైలెక్కి, 1974లో గోదావరి దిక్కున ఉన్న ఈ కాలేజీకి వచ్చాను. నా మొదటి యజమాని డాక్టర్ సుందరశివం గారు, డిపార్టుమెంటుకి హెడ్డు. ఆయన నన్ను ఒక్కనాడు కూడా తాకలేదు. తాకే పనంతా అటెండర్లది. నాకు అసలైన యజమాని దొరికింది ఏడేళ్ల తర్వాత, బొండాడ నూకరాజు రూపంలో.

నూకరాజు పదో తరగతి గట్టెక్కలేదు. కానీ కాగితానికి పొగ పట్టించడంలో అతన్ని మించినవాడు మూడు జిల్లాల్లో లేడని పరీక్షలకు వచ్చే ఎగ్జామినర్లే అనేవారు. మసి మందమైతే పుల్ల తడబడుతుంది, పల్చనైతే గీత తెలియదు. అతని చేతిలో అది పెరుగు మీద మీగడలా సమంగా పరుచుకునేది. గీత పూర్తయ్యాక కాగితాన్ని కోసి, స్పిరిట్‌లో కరిగించిన లక్కలో ముంచి, దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసేవాడు. ఆరేసే ముందు ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు అన్నది సూదితో మసి మీద రాయించేవాడు. "పేరు లేని గీత అనాథండి బాబూ" అని కుర్ర డాక్టర్లకు చెప్పేవాడు. నాతో కూడా మాట్లాడేవాడు. తుడుస్తూ ఇంటి సంగతులు, ఒంటి సంగతులు అన్నీ చెప్పేవాడు. నేను ఇప్పుడు చెప్పబోయేవి సగం అలా తెలిసినవే.

సుందరశివం గారికి ఒక కాలింగ్ బెల్లు ఉండేది. ఆయన దాన్ని ఫ్యాను వేయడానికి కొట్టేవారు, తీయడానికి కొట్టేవారు, కొట్టి ఎందుకు కొట్టానో మర్చిపోయి మళ్లీ కొట్టేవారు. మొదటి ఏడాది నూకరాజు ప్రతి గంటకీ పరుగెత్తాడు. రెండో ఏడాది నడిచాడు. మూడో ఏడాది తన స్టూలు తీసుకెళ్లి, బెల్లు వినిపించని వెనక గదిలో వేసుకున్నాడు. ఒక రోజు ఆయన గదిలోకి పాము వచ్చింది. పాపం, బల్లెక్కి కూర్చుని పావుగంట బెల్లు కొట్టారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పాము తనంతట తాను వెళ్లిపోయింది కాబట్టి సరిపోయింది. ఆ కథ చెప్పుకుని బ్యాచుల తరబడి విద్యార్థులు నవ్వుకున్నారు.

ఇక నా పాఠం. ఏటా రెండో సంవత్సరం వాళ్లు నా చుట్టూ మూగేవారు. ముందు కప్ప గుండె మీద అడ్రినలిన్ ఒక చుక్క వేసేవారు. భయపడినప్పుడు, పరుగెత్తినప్పుడు మన ఒంట్లో ఊరేది అదే. వేయగానే గీతలు ఎత్తుగా, దగ్గర దగ్గరగా లేచేవి. తర్వాత ప్రొప్రనొలాల్ అనే మందు. గీతలు కుంగిపోయేవి, ఆ పైన అడ్రినలిన్ ఎంత పోసినా లేచేవి కావు. అప్పుడు సుందరశివం గారు గొంతు సవరించుకుని అనేవారు: "చూశారుగా! గుండె నీరసించిన రోగికి ఈ లాల్ కుటుంబం మందుల్లో ఏది ఇచ్చినా మీ చేత్తో మీరు వాడి గొంతు నొక్కినట్టే." అప్పటి పుస్తకాల్లోనూ అదే ఉండేది. వెనక గోడకు ఆనుకుని నిలబడి నూకరాజు ఆ మాట ఏటా విన్నాడు. చెవితో వినడమే కాదు, నా మీద కళ్లారా చూశాడు.

కొందరు విద్యార్థులకు ఓపిక ఉండేది కాదు. ఒక చుక్కకి గీత లేచింది కదా అని అడ్రినలిన్ మళ్లీ మళ్లీ పోసేవారు. రెండోసారి గీత కొంచెం తక్కువగా లేచేది, మూడోసారి ఇంకా తక్కువ. ఆరోసారికి గుండె పట్టించుకోవడమే మానేసేది. "గుండె పాడయిందండి, ఇది పనికిరాదు" అని నూకరాజు ఆ కాగితాలు చింపి పొయ్యిలో వేసేవాడు. తన దగ్గర దాచిన మంచి గీతల్లోంచి ఒకటి తీసి, రికార్డు పుస్తకంలో అంటించుకోమని ఇచ్చేవాడు. అందరి రికార్డుల్లోనూ గీతలు ముత్యాల్లా ఉండేవి. నాకు అప్పుడు గర్వంగా ఉండేది, ఆ పాడు గీతలు కాలిపోతున్నందుకు సంతోషంగా కూడా ఉండేది.

కాలం మారింది. సుందరశివం గారు రిటైరయ్యారు. ఆయనతో పాటు బెల్లు కూడా మూగబోయింది. కొత్త పుస్తకాలు వచ్చాయి. నీరసించిన గుండెకు ఆ లాల్ మందులే చిన్న మోతాదులో మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ పోతే గుండె తేరుకుంటుందని ప్రపంచమంతా ఒప్పుకుంది. ఆ సంగతి పై అంతస్తులో, థియరీ క్లాసులో బోర్డు మీద రాసి చెప్పారు. కింద ల్యాబులో మాత్రం అదే కప్ప, అదే చుక్క, అదే గీత. నూకరాజు థియరీ క్లాసుకు ఎందుకు వెళ్తాడు? పాఠం మారిందని అతనికి చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

2011 ఆగస్టులో నూకరాజుకి కాళ్లు ఉబ్బాయి. ల్యాబు మెట్లు ఇరవై రెండు. పది ఎక్కేసరికి కూలబడి ఆయాసపడేవాడు. పక్కనే ఉన్న ఆసుపత్రిలో గుండె డాక్టరు షహనాజ్ గారు. పదమూడేళ్ల కిందట ఆవిడా నా ముందు నిలబడ్డ పిల్లే. పరీక్షలన్నీ చేసి, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పిందట. గుండె కండరం సాగి పల్చబడింది. కొట్టుకున్న ప్రతిసారీ నూటికి అరవై వంతుల రక్తం తోయాల్సింది ఇరవై ఎనిమిదే తోస్తోంది. మందులు వాడితే పుంజుకుంటుంది. అందులో ఒక చిన్న మాత్ర మొదటి వారాల్లో కొంచెం నీరసం పుట్టిస్తుంది, భయపడి ఆపొద్దు, ఏదైనా ఉంటే నా దగ్గరికి రండి, అని. నూకరాజు అలాగేనండి అన్నాడు. అతను వచ్చిన ప్రతి హెడ్డుతోనూ ముప్పై ఏళ్లు అలాగేనండి అన్న మనిషి. ఆ మాట దానంతట అదే వచ్చేస్తుంది.

ఎనిమిది రోజులు వేసుకున్నాడు. చెప్పినట్టే నీరసం వచ్చింది. తొమ్మిదో రోజు ల్యాబులో కూర్చుని, మాత్రల అట్టను భూతద్దం కింద పెట్టి అక్షరాలు కూడబలుక్కున్నాడు. మె-టో-ప్రొ-లాల్. అతని మొహం పాలిపోయింది. "ఇదీ ఆ కుటుంబంలోదేరా" అన్నాడు నాతో.

ఆ శనివారం పదకొండు గంటలకు ల్యాబులో ఎవరూ లేరు. నూకరాజు తొట్టిలోంచి ఒక కప్పను తీశాడు. ఎప్పట్లాగే "క్షమించు తల్లీ" అన్నాడు. కాగితానికి పొగ పట్టించాడు. అంత చక్కటి మసి నా ఒంటి మీద అంతకుముందెన్నడూ పడలేదు. గుండెను అమర్చి, దారం కట్టి, నన్ను తిప్పాడు. అయిదు నిమిషాలు గీతలు నిబ్బరంగా లేచాయి. అప్పుడు తన మాత్రను పింగాణీ కల్వంలో నూరి, ఉప్పునీళ్లలో కలిపి, చింతగింజంత ఉన్న ఆ గుండె మీద చుక్కచుక్కగా వేశాడు.

గీతలు కుంగాయి. ఇంకా కుంగాయి. చివరికి అలలు లేని నీళ్లలా సాపుగా ఒక గీత మిగిలింది. నూకరాజు కదలకుండా చూశాడు. తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

పరీక్షల రోజుల్లో నేను ఎన్నిసార్లు మొరాయించానో లెక్కలేదు. ఎగ్జామినర్ల ముందు మోటారు పట్టేసేది, కాగితం జారిపోయేది, నూకరాజుకి చెమటలు పట్టేవి. ఆ ఒక్క రోజు ఆగిపోయి ఉంటే నా సొమ్మేం పోయేది? ఆ రోజు గడియారంలా తిరిగాను. అడిగినది అడిగినట్టు రాశాను. తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది.

అతను కాగితం మీద "బి. నూకరాజు మాత్ర, 11.20" అని సూదితో రాసి, లక్కలో ముంచి ఆరేశాడు. తర్వాత సింకు దగ్గరికి వెళ్లి, అట్టలోని మాత్రలు ఒక్కొక్కటే నొక్కి నీళ్లలో వదిలేశాడు.

అక్కడి నుంచి నాలుగు నెలలు. ఇంట్లో అతని భార్య నాగరత్నం పొద్దున్నే మాత్ర, మంచినీళ్ల గ్లాసు చేతిలో పెట్టేది. మింగేదాకా ఎదురుగా నిలబడేది. అతను దాన్ని బుగ్గన పెట్టుకుని నీళ్లు తాగేవాడు, తర్వాత రుమాల్లోకి తీసి, ల్యాబుకి తెచ్చి సింకులో వేసేవాడు. మిగతా మందులు బుద్ధిగా మింగేవాడు, ఈ ఒక్కదాన్నే పారేసేవాడు. "నాగరత్నం మొహం చూళ్లేకపోతున్నాన్రా" అనేవాడు నాతో. షహనాజ్ గారు వేసుకుంటున్నారా అని అడిగితే వేసుకుంటున్నానండి అనేవాడు. నమ్మి, మోతాదు పెంచింది ఆవిడ. సింకులోకి వెళ్లే మాత్రలు పెద్దవయ్యాయి. అతని మొహం మాత్రం రోజురోజుకీ చిక్కిపోయింది, పొట్ట నీరు చేరి ముందుకొచ్చింది. స్టూలు మీద కూర్చున్నా ఆయాసమే.

డిసెంబరులో ప్రాక్టికల్ పరీక్షల రోజు, విద్యార్థులందరి ముందు, నా డబ్బాకి కాగితం చుడుతూ నూకరాజు నా మీదికే ఒరిగిపోయాడు. రెండు చేతులతో నా పీటను పట్టుకున్నాడు. వేళ్లు చల్లగా ఉన్నాయి. నలుగురూ కలిసి అతని చేతులు విడదీసి మోసుకెళ్లారు.

పదహారు రోజులకు బతికి బయటపడ్డాడు. ఆసుపత్రిలో షహనాజ్ గారికి నిజం చెప్పేశాడు. "డ్రమ్ము మీద నా కళ్లతో చూశానండి" అన్నాడట. ఆవిడ కోప్పడలేదు. చూపించండి అంది. అలా ఒక మధ్యాహ్నం ఇద్దరూ ల్యాబుకి వచ్చారు. అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ఆవిడ ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"గీత చాలా బాగుంది నూకరాజు గారూ. నా రికార్డులో ఇంత మంచిది ఒక్కటి లేదు" అంది. "ఎంతసేపు నడిపారు?"

"అరగంటండి."

"నేను మాత్ర ఎన్నాళ్లు వాడమన్నాను?"

అతని చూపు కాగితం మీద తను రాసిన 11.20 మీదికి వెళ్లింది.

"ఎనభై కిలోల మనిషి వేసుకునే మాత్ర తెచ్చి ఇంత చిన్న గుండె మీద పోశారు. పైగా ఆ కప్పకి ఏ జబ్బూ లేదు. మీ గుండె సంగతి వేరండీ." ఆవిడ ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. "సుందరశివం గారి బెల్లు గుర్తుందా?"

నూకరాజుకి నవ్వొచ్చింది. "చచ్చినా మర్చిపోనండి."

"రోజుకి వందసార్లు కొడితే మీరేం చేశారు?"

"స్టూలు వెనక గదిలోకి లాక్కున్నానండి. పాపం, పాము వచ్చిన రోజు కూడా వెళ్లలేకపోయాను."

"మీ గుండె కూడా అదే చేసింది. గుండె కణాల పైన చిన్న చిన్న గ్రాహకాలుంటాయి. అడ్రినలిన్ వచ్చి తాకితే లోపలికి కబురు పంపడం వాటి పని. గుండె నీరసపడేసరికి ఒళ్లు కంగారుపడిపోయి, పగలనకా రాత్రనకా అడ్రినలిన్ పంపిస్తానే ఉంటుంది. మొదట్లో గుండె పరిగెడుతుంది. రాను రాను ఆ గ్రాహకాల్ని కణం లోపలికి లాగేసుకుంటుంది. సగానికి సగం మాయం. పైన మిగిలినవి కూడా విన్నా విననట్టు ఊరుకుంటాయి, కబురు లోపలికి అందనియ్యవు. అప్పుడు మీరు నాలుగు మెట్లు ఎక్కాలన్నా గుండె పలకదు. బెల్లు మాత్రం ఆగదు. ఆ మోతకి కండరం కూడా పాడవుతుంది."

"మరి ఈ మాత్రండీ?"

"బెల్లు మీద చెయ్యి అడ్డం పెడుతుంది, అంతే. మొదటి కొన్నాళ్లు నీరసంగానే ఉంటుంది. మోత తగ్గాక, నెలలు గడిచాక, లోపలికెళ్లిన గ్రాహకాలు మళ్లీ పైకొస్తాయి. అరగంటలో రావు."

"అడ్రినలిన్ ఊరికే పోస్తా ఉంటే కుంగిపోయే గీతలు కొన్ని వచ్చేవండి. పాడయ్యాయని నేనే పొయ్యిలో వేసేవాణ్ణి" అన్నాడు మెల్లగా.

"నాకూ అలాంటిదే వచ్చిందండీ. మీరు మంచిది ఒకటిస్తే అంటించుకుని ఇరవైకి పద్దెనిమిది తెచ్చుకున్నాను" అంది షహనాజ్ గారు. ఆవిడ మొహం కూడా చిన్నబోయింది.

ఆ ల్యాబులో ఆ క్షణాన తలెత్తుకోగలిగినవాళ్లు ఎవరూ లేరు. అందరికన్నా ఎక్కువ దించుకోవాల్సింది నేను. జబ్బుపడ్డ గుండె ఏం చేస్తుందో నా మసి మీద ఏటా పడుతూనే ఉంది. నాకు తెలిసింది ఎత్తుగా లేచిన గీత మంచిది, కుంగినది చెడ్డది అని మాత్రమే. ఆ తెలివితోనే ముప్పై ఏడేళ్లు పాఠం చెప్పాను.

వెళ్లేముందు నూకరాజు ఒక్కటే అడిగాడు. "నాగరత్నానికి చెప్పకండమ్మా. రోజూ దాని చేత్తో ఇచ్చేది. తెలిస్తే నేను దానికి మొహం చూపించలేను." ఆవిడ సరేనంది.

మళ్లీ పావు మాత్రతో మొదలుపెట్టారు. ఈసారి నిజంగానే మింగాడు. ఏడాది తిరిగేసరికి ఇరవై ఎనిమిది ముప్పై ఆరు అయింది. ఇరవై రెండు మెట్లూ మధ్యలో ఒకసారి ఆగి ఎక్కేవాడు. అంతకు మించి పెరగలేదు. ఆ నాలుగు నెలల్లో చచ్చుపడ్డ కండరం తిరిగి రాలేదని షహనాజ్ గారు ఎవరితోనో అంటుంటే విన్నాను. తర్వాత ఏడాది కప్పలతో ప్రయోగాలు ఆపేశారు. కంప్యూటర్లు వచ్చాయి. నన్ను డిపార్టుమెంటు మ్యూజియంలో అద్దాల బీరువాలో పెట్టి, కాళ్ల దగ్గర నా అసలు పేరు రాసిన అట్టముక్క నిలబెట్టారు. ఆ వేసవిలో ఒక ఉదయం నూకరాజు పళ్లు తోముకుంటూ ఇంటి పెరట్లో పడిపోయాడట. మళ్లీ లేవలేదు. ఇంకో ఏడాది సర్వీసు ఉంది అతనికి.

నెల తర్వాత నాగరత్నం వచ్చింది, అతని అలమారలోని సామాను తీసుకెళ్లడానికి. తోడుగా షహనాజ్ గారు వచ్చారు. ఒక తువ్వాలు, కళ్లజోడు, లక్క డబ్బా, రెండు సూదులు. అవి సంచిలో పెట్టుకుని నాగరత్నం కదలకుండా నిలబడింది.

"అమ్మా, ఒక్క మాటడుగుతాను, దాచకుండా చెప్పండి" అంది. "మొదట జబ్బు చేసిన ఏడు, కార్తీక సోమవారాలు ఆయనా ఉపవాసం ఉంటానన్నారు. పరగడుపున మందెందుకులే అని ఆ నాలుగు సోమవారాలూ ఆ మాత్ర నేను ఇవ్వలేదు. మీకు చెప్పలేదు, భయమేసి. ఆ వెంటనే కదమ్మా ఆయన ల్యాబులో పడిపోయింది. నా వల్లే కదమ్మా?"

మూడేళ్లుగా ఆవిడ అది మోస్తోంది. నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. మాట తీసుకున్న మనిషి ఇప్పుడు లేడు, అడిగే మనిషి ఎదురుగా ఉంది. ఆఖరికి షహనాజ్ గారు నాగరత్నం చెయ్యి పట్టుకుని, బుగ్గన పెట్టుకోవడం దగ్గర్నుంచి సింకు దాకా అంతా చెప్పేసింది. చెప్పి, బీరువాలో నన్ను చూపించింది.

"నా తప్పు కాదా?" అంది నాగరత్నం. మళ్లీ ఇంకోసారి, "కాదామ్మా?"

"కాదండీ. మీరివ్వకపోయినా ఆ నాలుగు రోజులూ ఆయన వేసుకునేవారు కాదు."

ఆవిడ గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని నా దగ్గరికి వచ్చి, బీరువా తలుపు తీసింది. నేను తిట్టు కోసం ఎదురుచూశాను. నలభై ఏళ్లలో నన్ను తిట్టనివాళ్లు లేరు. మోటారు ఆగిందని తిట్టారు, కాగితం జారిందని తిట్టారు, ఏ తప్పూ లేనప్పుడు కూడా తిట్టారు. ఆ రోజు నాకు రావాల్సిన తిట్టు అది.

"దీనికేం తెలుసమ్మా పాపం" అంది నాగరత్నం. "పుల్ల ఎలా ఆడితే అలా గీసింది."

కొంగు తీసి నా డబ్బా మీద పేరుకున్న దుమ్ము తుడిచింది. పీట తుడిచింది. ఎవరికీ కనిపించని వెనక వైపు కూడా, వంగి, మూలమూలలా తుడిచి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.